చెనక్కాయ నేలలో అండు కొర్ర

గింజ పక్షం: సూటిగానే మొదలుపెడతాను అన్నా. ఏడాదికి సగటున 553 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేల మనది. ఆ సగటు కూడా లెక్కల్లోనే. చేలో చూస్తే ఒక ఏడు వంకలు పొర్లుతాయి, మరో ఏడు పదునుకు కూడా చాలదు. ఇలాంటి చోటుకు అలవాటు పడిన తిండిగింజ ఒకటుంది, అండు కొర్ర. మడకశిర, రొళ్ళ, అమరాపురం వైపు, కర్ణాటక సరిహద్దు దాటితే పావగడ, శిర, మధుగిరి వైపు ఇంకా కాస్త మిగిలింది. పేరులో కొర్ర ఉన్నా ఇది కొర్ర కాదు. కొర్ర సెటేరియా ప్రజాతి, దాని కంకి నక్కతోకలా ఒత్తుగా ఉంటుంది. అండు కొర్రది బ్రాకియారియా, ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు ఉరోక్లోవాలో కలిపేసిన ప్రజాతి. దీని కంకి రెమ్మలు రెమ్మలుగా విడిపోయి ఉంటుంది. ఆ ప్రజాతిలో వంద దాకా జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికావి, పశువుల మేతవి. గింజ కోసం మనిషి సాగులోకి తెచ్చుకున్నవి రెండే. పశ్చిమాఫ్రికాలో గినీ కొండల మీద ఒకటి, మన దక్కనులో ఈ అండు కొర్ర, అంటే రమోసా. బళ్ళారి దగ్గరి సంగనకల్లు మొదలు ఉరవకొండ వైపు వేల్పుమడుగు దాకా కొత్తరాతియుగపు ఊళ్ళ మట్టిని పురావస్తు పరిశోధకుడు డోరియన్ ఫుల్లర్ బృందం నీళ్ళలో కడిగి, మాడిన గింజలు ఏరి చూసింది. ఆనాటి దక్కను ఊళ్ళకు ప్రధానంగా తిండి పెట్టిన ధాన్యాలు రెండు గడ్డిగింజలని తేలింది. వాటిలో ఒకటి అండు కొర్ర. పక్కన పెసలు, ఉలవలు. అంటే నాలుగు వేల ఏళ్ళ కిందటే ఈ నేలకు ఏది తగునో ఇక్కడివాళ్ళు తేల్చుకున్నారు. ఆ గింజ తిరిగి చేల నడుమకు రావాలి, చెనక్కాయ కొంత పక్కకు జరగాలి. నా వాదం ఇంతే.

కాయ పక్షం: నాలుగు వేల ఏళ్ళు తిన్నారు, కాదనను. వేరే దారి దొరికిన రోజున వదిలేశారు, దాన్ని నువ్వు కాదనలేవు. పాతది కాబట్టి మంచిదంటే మన తాతలు కాటకాల్లో తవ్వుకు తిన్న గడ్డలన్నీ మంచివే. ఇంకో మాట విను తమ్ముడూ. నువ్వు ఇంత గొప్పగా చెప్పే గింజ మా చెనక్కాయ చేలో కలుపుగా మొలుస్తుంది. గుంటక తోలి, మిగిలిందాన్ని కూలీలను పెట్టి పీకిస్తాం. డబ్బిచ్చి పీకించేదాన్ని డబ్బు పెట్టి విత్తమంటున్నావు.

గింజ పక్షం: కలుపన్నది నిజమే, దాచను. జపాన్ పరిశోధకుడు మసహిరో కిమాటా దక్షిణ భారతం తిరిగి 2000లో రాసింది కూడా అదే. ఇది పూర్తిగా మచ్చికైన మొక్క కాదు. ఇతర చిరుధాన్యాల చేలల్లోకి కలుపుగా దూరి, అక్కడే ఉండిపోయి, మెల్లగా పంటగా మారినది. ఒక ఊళ్ళో కలుపు, పక్క ఊళ్ళో పంట. పండిన గింజ కొంత రాలిపోయే గుణం ఇంకా పోలేదు. అయితే ఒకటి ఆలోచించండి. ఎరువు లేకుండా, నీరు పెట్టకుండా, మీరు పీకిస్తున్నా మళ్ళీ మొలిచే మొక్క ఈ నేలలో ఏదైనా ఉందంటే, దాని శక్తి ఏమిటో చెప్పడానికి పరిశోధనా కేంద్రం అక్కరలేదు.

కాయ పక్షం: వయ్యారిభామ కూడా అలాగే మొలుస్తుంది.

గింజ పక్షం: దాన్ని మేకలు కూడా ముట్టవు. నేను మాట్లాడుతున్నది మనుషులు అన్నంలా వండుకునేదాని గురించి.

కాయ పక్షం: సరే, మొలిచే సంగతి వదిలేద్దాం, బతికే సంగతి చూద్దాం. ఈ జిల్లాలో మెట్ట రైతు చేతికి నోటు చూపించిన మొదటి పంట చెనక్కాయ. అంతకు ముందు జొన్న, కొర్ర, రాగి పండించుకుని తిన్నాడు, మిగిలితే అమ్మాడు. మిగిలిందెప్పుడు? చెనక్కాయ వచ్చాక పిల్లలు కాలేజీ మెట్లెక్కారు, ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, మట్టి మిద్దెల చోట సిమెంటు ఇళ్ళు లేచాయి. అనంతపురం రైతు ఆశపోతు, ఒకే పంట వేసి నేలను చంపాడు అని పట్నంలో కూర్చుని రాసేవాళ్ళు రాస్తుంటారు. ఆ దారి వేసింది రైతు కాదు. నూనె దిగుమతి ఖర్చు తగ్గించాలని దేశం అనుకుంది, 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ పెట్టింది. విత్తనానికి రాయితీ, పంట రుణం, బీమా, మద్దతు ధర, కదిరిలో పరిశోధన, అన్నీ చెనక్కాయ చుట్టూ అల్లారు. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో 7, 8 లక్షల హెక్టార్ల దాకా వేశామంటే ఆ అల్లిక వల్లే. తర్వాత 1990ల మధ్యలో దిగుమతులకు తలుపులు తెరిచి పామోలిన్ దించారు. దారి వేసినవాళ్ళే దారి మధ్యలో గొయ్యి తవ్వారు. అయినా రైతు చెనక్కాయను వదల్లేదంటే, గొయ్యిలో పడ్డా ఆ దారి ఎక్కడికో ఒక చోటికి చేరుస్తుందని. నీ గింజకు దారే లేదు.

గింజ పక్షం: ఈ మాటలన్నీ ఒప్పుకుంటాను. రైతును తప్పుపట్టే వాదం నాది కాదు. కానీ ఆ దారిలో పడ్డ దెబ్బల లెక్క కూడా తీయాలి కదా. చెనక్కాయకు వాన మొత్తం ఎంత పడిందన్నది కాదు ముఖ్యం, ఎప్పుడు పడిందన్నది. ఆరుద్రలోనో పునర్వసులోనో విత్తుతారు. పూత వచ్చి ఊడలు దిగే వేళ నేల మెత్తగా ఉండాలి, కాయ ఊరే వేళ మళ్ళీ తడి కావాలి. సరిగ్గా అప్పుడే మన దగ్గర ఇరవై, ముప్ఫై రోజులు మబ్బు మొహం చాటేస్తుంది. ఊడ గట్టినేలలోకి దిగలేక గాలిలోనే ఎండిపోతుంది. పచ్చగా ఎదిగిన మొక్కను పీకితే వేళ్ళకు రెండు కాయలు. 2000 ఖరీఫ్ గుర్తు చేసుకోండి. కాండం కుళ్ళు వైరస్ తెగులు ఒక్క సీజన్లో 2 లక్షల హెక్టార్లకు పైగా చెనక్కాయను పాడుచేసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ దాక్కున్నది గట్ల మీది వయ్యారిభామలో, చేలోకి చేర్చింది తామర పురుగు. అన్ని వేల ఎకరాలు ఒకే పంట ఆనుకుని ఉంటే తెగులు ఆగేదెక్కడ?

ఇప్పుడు విత్తనం చూడండి. ఎకరా చెనక్కాయకు 60, 70 కిలోల గింజలు కావాలి. అండు కొర్రకు 2, 3 కిలోలు. నా వాదంలో అన్నిటికంటే బరువైన మాట ఇదే. దిగుబడి, పోషకాలు, చరిత్ర, వీటన్నిటికంటే ఇది పెద్దది. వాన ఎగ్గొడితే మీరు పోగొట్టుకునేది బస్తా విత్తనం, నేను పోగొట్టుకునేది చేటెడు గింజ. మూడు నెలల లోపే కోతకు వస్తుంది, అంటే వాన మీద పెట్టే పందెం కూడా చిన్నది. పైగా దీని ఆకు పనిచేసే తీరు వేరు. జొన్న, సజ్జల మాదిరి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును ముందు ఒక చోట పోగుచేసుకుని తర్వాత వాడుకుంటుంది. అందువల్ల ఎండవేళ ఆకు రంధ్రాలు సగం మూసుకున్నా పని ఆగదు. చెనక్కాయకు ఆ ఏర్పాటు లేదు. తిండి తయారు కావాలంటే రంధ్రాలు తెరవాలి, తెరిస్తే నీరు పోతుంది.

కాయ పక్షం: విత్తనం మాట దగ్గర నన్ను పట్టావు. నిజం చెప్పాలంటే మెట్ట రైతు అప్పులో మొదటి రూపాయి విత్తన చెనక్కాయ దగ్గరే పుడుతుంది. రాయితీ కాయల కోసం వేసవిలో క్యూలో నిలబడటం ఈ జిల్లా చూడని ఏడు లేదు. అది నీ పక్షాన రాసుకో. కానీ పండిన తర్వాత ఏమిటి? ఈ గింజ మీద పొట్టు గట్టిగా అతుక్కుని ఉంటుంది. రోట్లో దంచి, చేటలో చెరిగి, మళ్ళీ దంచి బియ్యం తీయాలంటే ఒక పూట పోతుంది. ఆ పూట ఎవరిది? ఇంటి ఆడవాళ్ళది. మన అమ్మలు కొర్రలు, సామలు మానేసింది రుచి చాలక కాదు, రెక్కలు చాలక. రేషను బియ్యం వచ్చిన రోజున రోకలి మూలకు చేరింది, ఒక్కరూ ఏడవలేదు. ఇప్పుడు మరలొచ్చాయంటావు. చెనక్కాయ అమ్మే మండీ ప్రతి పట్నంలో ఉంది. ఈ గింజ పొట్టు తీసే మర ఎన్ని ఊళ్ళలో ఉంది? సన్న గింజ, గుండ్రంగా జారిపోతుంది, మామూలు మరలో నూకవుతుంది. క్వింటా పడితే బియ్యం సగం కాస్త పైన. కాబట్టి రైతు పొట్టుతోనే అమ్ముకుంటాడు. అదే గింజ పొట్టు వదిలి, పొట్లంలోకి చేరి, మీద ఆకుపచ్చ బొమ్మ వేసుకుని, ఎన్నో రెట్ల ధరకు తిరిగొస్తుంది. ఆ రెట్లలో రైతు వాటా ఎంత?

(రోకలి దగ్గర రాసేవాడు ఒక్కసారి అడ్డు రావాలి. చిరుధాన్యాల వైభవం మీద వచ్చే వ్యాసాల్లో దంచిన చేతుల ప్రస్తావన అరుదు. ఆ ప్రస్తావన కాయ పక్షం నోటి నుంచి రావడం కొంచెం విడ్డూరమే. చెనక్కాయ చేలలో కూర్చుని కాయ కోసేదీ, కళ్ళంలో వలిచేదీ ఎక్కువగా ఆ చేతులే. అయినా మాట మాటే.)

గింజ పక్షం: రోకలి గురించి మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోలే ఉంది. పొట్టు సమస్య తీరకుండా ఈ గింజను మళ్ళీ వంటింట్లోకి తెమ్మనడం ఆడవాళ్ళ మీద ఇంకో గంట మోపడమే. కానీ అది మొక్క తప్పు కాదు, పెట్టుబడి ఎటు వెళ్ళిందన్న సంగతి. చెనక్కాయకు కదిరిలో పరిశోధన, విత్తనోత్పత్తి, మండీ, నూనె మిల్లు, అన్నీ అమరడానికి యాభై ఏళ్ళ డబ్బు పట్టింది. అందులో పదో వంతు దీని మీద పెట్టి అప్పుడు పోల్చండి. 2025-26కు చెనక్కాయ మద్దతు ధర క్వింటాకు 7,263 రూపాయలు, రాగికి 4,886. ఆ పట్టికలో అండు కొర్రకు అసలు గడే లేదు. కొర్రకూ సామకూ కూడా లేదు. 2018లో కేంద్రం చిరుధాన్యాలను పోషక ధాన్యాలుగా ప్రకటించిన గెజెట్లో కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ పేర్లున్నాయి. ఏ సంబంధం లేని కుట్టు, తోటకూర గింజలున్నాయి. అండు కొర్ర లేదు! సర్కారు కంటికి కనపడని పంట మండీకి కనపడలేదని నిందించడం న్యాయమా? పక్కన కర్ణాటక చూడండి, రైత సిరి అని పథకం పెట్టి చిరుధాన్యం వేసిన హెక్టారుకు 10,000 రూపాయలు ఇచ్చింది. సరిహద్దుకు అటు పావగడలో వర్తించేది ఇటు మడకశిరలో వర్తించలేదు. నేల ఒకటే, వాన ఒకటే, గింజ ఒకటే. ఇక దారి లేదన్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ధరణి సహకార సంఘం నడుస్తోంది. రైతులే సభ్యులు. చిరుధాన్యాలు కొని, అక్కడే శుభ్రం చేసి, బియ్యం పట్టి, పొట్లం కట్టి అమ్ముతారు. మీరడిగిన రెట్లలో కొంతైనా ఊళ్ళోనే ఆగుతుంది.

కాయ పక్షం: ధరణి మీద నాకు గౌరవముంది. 1990 నుంచి టింబక్టు వాళ్ళు అక్కడి బీడు మీద చేసిన పని కళ్ళకు కనపడేదే. కానీ ఆ సంఘంలో ఉన్నది కొద్ది వేల కుటుంబాలు. నువ్వు జరగమంటున్న చెనక్కాయ లక్షల హెక్టార్లది. వాటిలో నాలుగో వంతు అండు కొర్ర వేస్తే ఆ గింజంతా ఎవరు తింటారు? మన ఊళ్ళో తినరు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడే మన కడుపు మారింది. ఇప్పుడు 2023 నుంచి కేంద్రం ఇచ్చే రేషను బియ్యం ఉచితమే. ఉచితంగా వచ్చే తెల్లన్నం పక్కన పెట్టి, దంచుకు తినే గింజను పేదవాడు ఎందుకు ఎంచుకోవాలి? కాబట్టి మిగిలేది హైదరాబాదులో, బెంగుళూరులో చక్కెర జబ్బు వచ్చినవాళ్ళు. వాళ్ళ భయం మీద నిలబడే గిరాకీ. వాళ్ళకు ఒక ఏడు అండు కొర్ర, మరుసటి ఏడు ఇంకోటి. భయం మళ్ళితే ధర పడిపోతుంది. అప్పుడు మడకశిర రైతు బస్తాలు ఎక్కడ దించుకోవాలి?

గింజ పక్షం: ఆ గిరాకీ ఎలా లేచిందో తెలిసిందే. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలి ఐదు సిరిధాన్యాలని ఊరూరా చెప్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ ఐదింట్లో అండు కొర్ర ఒకటి కాబట్టే కోస్తాలో ఎన్నడూ వినని ఈ పేరు అక్కడి కిరాణా కొట్లోకి ఎక్కింది. ఇది తింటే రోగాలు నయమవుతాయన్న ప్రచారాన్ని మాత్రం నేను మోయను. పీచు ఉంది, తెల్లబియ్యంలా ఒక్కసారిగా చక్కెరను ఎగదోయదు, అంతవరకే నా మాట. మందుగా అమ్ముడుపోయే పంట మందు దుకాణంలానే మూతపడుతుందన్న మీ భయం సరైనదే. అయితే ఒక ప్రశ్న. మీ చెనక్కాయ ఎవరి ఇంటి కోసం పండింది? వనస్పతి కంపెనీ కోసం, నూనె మిల్లు కోసం. అదీ పరాయి వంటింటి పంటే. తేడా ఒకటే. ధర పడితే నా గింజను ఇంట్లో వండుకోవచ్చు.

కాయ పక్షం: చెనక్కాయనూ తినొచ్చు నాయనా. సంగట్లోకి ఊరుబిండి లేని అనంతపురం ఇల్లు చూపించు.

గింజ పక్షం: ఊరుబిండికి గుప్పెడు చాలు, అన్నా. సంగటి దేనితో కెలుకుతారు?

(ఇద్దరూ నవ్వారు. ఇంతసేపట్లో ఇద్దరూ కలిసి నవ్వింది ఇక్కడొక్కచోటే.)

కాయ పక్షం: సరే, ఇంకో వైపు నుంచి వస్తాను. ఆ ప్రజాతి గొప్పదంటున్నావు కదా, లోకం దాన్ని దేనికి వాడుతోంది? మేతకు. బ్రెజిల్ పచ్చిక బయళ్ళు నిలబడింది బ్రాకియారియా మీద. ఆఫ్రికా నుంచి బ్రైజాంతా, డెకంబెన్స్ జాతులు తెచ్చి, ఆమ్లం నిండిన సెరాడో నేలల్లో కోట్ల హెక్టార్లలో పరిచారు. 1984లో మరండు అనే రకం వదిలితే దేశమంతా పాకింది. కొలంబియాలో సియాట్ పరిశోధనా కేంద్రం వాళ్ళు జాతులను సంకరం చేసి ములాటో అని మేత రకం తీశారు. నీ అండు కొర్ర సంగతే చూడు, 1915 ప్రాంతంలో మన దేశం నుంచి అమెరికాకు వెళ్ళింది. అక్కడ దక్షిణ రాష్ట్రాల్లో వేటగాళ్ళు గువ్వలూ పూరేళ్ళూ వచ్చి వాలాలని చల్లుతారు. తెల్లవాడికి అది పిట్టల మేత. మన దగ్గర గొర్రెలున్నాయి. గొర్రెల సంఖ్యలో రాష్ట్రంలోనే ముందుండే ప్రాంతం మనది. వేసవి వస్తే కాపరులు మందలు తోలుకుని నెలల తరబడి వలసపోతారు. తిండిగింజ మోజు మాని, ఆ ప్రజాతిలోని మేత జాతుల్ని బీళ్ళ మీద వేస్తే? ఎండిన చేలో కూడా మనిషికి ఆదాయం గొర్రె వల్లే.

గింజ పక్షం: ఇది మీ వాదాల్లో బలమైనది, అందుకే కాస్త ఆగి చెప్తాను. బ్రెజిల్‌లో ఆ పచ్చిక నిలిచే చోట మనకు రెండింతలు, అంతకు పైన వాన పడుతుంది. ఏడాది పొడవునా బతికి చిగురించే గడ్డి అది. మన ఎర్ర గరుసు నేలలో, ఏడెనిమిది నెలల ఎండలో దాన్ని బతికించాలంటే బోరు నీళ్ళు కావాలి. బోరు నీళ్ళుంటే రైతు చీనీ తోట పెడతాడు, గడ్డి పెట్టడు. ఇక డెకంబెన్స్. దానిలోని సపోనిన్లు గొర్రెల కాలేయాన్ని దెబ్బతీస్తాయి. తర్వాత ఎండ తగిలితే ముఖం, చెవులు వాచి పుండ్లు పడతాయి. బ్రెజిల్‌లోనే కాదు, మలేసియాలో, ఆస్ట్రేలియాలో కూడా గొర్రెలు చచ్చాయి. ఆవులకు పెద్దగా ఏమీ కానిది గొర్రెలకు ప్రాణాంతకం. అనంతపురంలో ఉన్నది గొర్రెలు, కాచేది ఎండ. ఇంతకంటే చెడ్డ జోడీ ఉంటుందా? ఇంకో జాతి మ్యూటికా, మన పారా గడ్డి. దానికి నీళ్ళు నిలవాలి. హైదరాబాదు దిగువన మూసీ మురుగునీటితో ఎకరాలకెకరాలు పెంచి గేదెలకు వేస్తున్నారు. మన వంకల్లో మురుగు పారేంత నీరు కూడా లేదు. హ్యూమిడికోలా అని మరొకటుంది. దాని వేళ్ళు విడిచే పదార్థం నేలలో నత్రజని వృథా కాకుండా ఆపుతుందని జపాన్‌లో గుంటూరు వెంకట సుబ్బారావు, సహచరులు 2009లో నిరూపించారు. గొప్ప పనే, కానీ అదీ తడి నేలల గడ్డే. ఆ వంద జాతుల్లో ఈ పీఠభూమికి సరిపోయే పేరు అడిగితే మళ్ళీ రమోసా దగ్గరికే వస్తాం. గింజ మనకు, గడ్డి పశువుకు. దాని గడ్డి మెత్తన, పశువులు వదలవు.

కాయ పక్షం: గొర్రెకు చేటన్న సంగతి నాకు తెలియదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పరాయి గడ్డి వద్దు. కానీ చెనక్కాయ కట్టె ముందు నీ గడ్డి ఎంత? మాంసకృత్తులున్న మేత అది. కరువేటిలో కాయ రాకపోయినా కట్టె వామి వేసి అమ్ముకున్నవాళ్ళున్నారు. కాయ పోయినా పంట పూర్తిగా పోలేదనిపించేది ఆ వామే.

గింజ పక్షం: కట్టె మేలైన మేతే. అందుకే నేను చెనక్కాయను పూర్తిగా తీసేయమనడం లేదు. ఇప్పటికే అది తగ్గుతోంది, కంది, ఆముదం పెరుగుతున్నాయి. ఆ ఖాళీల్లో దేనికి చోటివ్వాలన్నదే నా ప్రశ్న. మఖ కార్తె దాటినా పదును వాన రాని ఏళ్ళుంటాయి కదా? చెనక్కాయకు అదను పోయిందని అప్పుడు సర్కారు ప్రత్యామ్నాయంగా ఉలవ విత్తనాలు పంచుతుంది. ఆ పంపిణీలో అండు కొర్ర కూడా పెట్టండి. కందిసాళ్ళ మధ్య వేయండి. చింతచెట్ల నీడలో మరే పంటా రాదు, ఇది వస్తుంది. తుమకూరు వైపు అలాగే వేస్తారు.

కాయ పక్షం: అక్కడికైతే నాకేం అభ్యంతరం లేదు. చింత కింద, గరుసు మొరవ మీద, అదను తప్పిన ఏడు నేనూ చల్లుతాను. చేటెడు గింజే కదా. కానీ చూడు, నువ్వు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికొచ్చావో. చేల నడుమకు రావాలన్నావు. ఇప్పుడు చెట్టు నీడకు, పోయిన అదనుకు ఒప్పుకుంటున్నావు. అది చేను కాదు, చేను అంచు.

గింజ పక్షం: అంచు నుంచి కాకపోతే ఎక్కడి నుంచి వస్తుంది? చెనక్కాయ కూడా మొదట అంచునే వచ్చింది.

కాయ పక్షం: వచ్చింది, వెనక డబ్బుతో వచ్చింది. అసలు మాట ఇప్పుడు చెప్తాను. చెనక్కాయకు బ్యాంకు ఎకరాకు ఇచ్చేంత అప్పు నీ గింజకు ఇవ్వదు. ఖర్చు తక్కువ పంట కాబట్టి అప్పూ తక్కువ. పుస్తకంలో అది న్యాయంగానే కనపడుతుంది. కానీ మెట్ట రైతు పంట రుణం పంట కోసమే తీసుకుంటాడని ఎవరన్నారు? ఆసుపత్రి, ఫీజు, పెళ్ళి, పాత బాకీ, అన్నీ ఆ పేరు మీదే నడుస్తాయి. చెనక్కాయ వేయడమంటే ఆ గుమ్మం తొక్కే హక్కు సంపాదించడం. నీ పొదుపు పంట వేసిన రోజున ఆ హక్కు తగ్గుతుంది. ఖర్చు తగ్గదు. మిగిలిన డబ్బుకు నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాలి. నువ్వు చెప్పిన చేటెడు విత్తనం ఆదా అక్కడ కరిగిపోతుంది.

గింజ పక్షం: ఈ కోణం నేను ఇంత స్పష్టంగా చూడలేదు. కానీ అన్నా, అదే మాటను తిప్పి చూడండి. ఇల్లు నడపడానికి పంటను సాకుగా వాడే అప్పు, ఆ పంట పోయిన ఏడు ఇంటినే మింగుతుంది. 1990ల చివరి నుంచి ఈ జిల్లాలో రైతు ఆత్మహత్యల వార్తలు చదువుతూనే ఉన్నాం. అప్పు దొరకడమే బలమైతే అవి ఇక్కడ జరగకూడదు. ఎక్కువ అప్పు పుట్టించే పంటా, తక్కువ అప్పు చాలే పంటా పక్కపక్కనే ఉంటే, ఏది క్షేమమో బ్యాంకును అడిగి నిర్ణయించుకోవాలా?

కాయ పక్షం: చావుల మాట తెచ్చావు కాబట్టి చెప్తున్నా. పోయినవాళ్ళందరూ చెనక్కాయ వల్ల పోలేదు. ఎండిన బోర్ల వల్ల పోయారు, టమాటా ధర వల్ల పోయారు, కౌలు బరువు వల్ల పోయారు. ముఖ్యంగా కౌలు రైతు. అతనికి బ్యాంకూ లేదు, బీమా అంతంతమాత్రం. భూమి యజమానికి కౌలు రొక్కంగా కట్టాలి. అండు కొర్ర బస్తాలు పోస్తే యజమాని తీసుకోడు. రొక్కం పుట్టే పంటే వేయాలి. మెట్ట మీద తనకిష్టమైన పంట వేసుకునే వీలు సొంత చేను ఉన్నవాడికి, అదీ ఇంట్లో ఇంకో ఆదాయం ఉన్నవాడికి. నీ గింజ వాళ్ళ పంట. తక్కువ ఖర్చు పంట పేదవాడికి తగినదనుకుంటున్నావు. ఇప్పటి లెక్కలో అది కాస్త ఉన్నవాడే వేయగలిగే పంట.

గింజ పక్షం: ఇప్పటి లెక్కలో అన్నారు. ఆ లెక్క మార్చమనే కదా నేనంటున్నది. మద్దతు ధర పట్టికలో ఒక గడి, మండలానికో మర, హాస్టళ్ళ భోజనంలో వారానికి రెండు పూటలు, బ్యాంకు కొలబద్దలో మార్పు. ఇవేవీ చంద్రుణ్ణి తెమ్మనడం కాదు. చెనక్కాయకు ఇంతకంటే ఎక్కువే చేశారు.

కాయ పక్షం: చేస్తే చూద్దాం. మూడేళ్ళ ధర, కొనే చోటు, కాగితం మీద రాసిస్తే నాలుగెకరాల్లో ఒకటి ఇస్తాను. అంచు కాదు, నడిచేను.

గింజ పక్షం: రాసివ్వడానికి నేను సర్కారును కాదు. కానీ ఒక మాట అడుగుతాను. చెనక్కాయ మొదలుపెట్టిన రోజున వానను మీకెవరు రాసిచ్చారు?

కాయ పక్షం: ఎవరూ రాసివ్వలేదు. ఒకసారి అలా నమ్మి గొర్రు కట్టినవాణ్ణి కాబట్టే రెండోసారి కాగితం అడుగుతున్నాను.